శేరు ఎవరి చేతిలో ఉంది? – క్యాలరీ లెక్కల చరిత్రలో శ్రమ, కులం

మా ఊళ్ళో కూలి గింజల్లో ఇచ్చే కాలంలో శేరు ఆసామి ఇంట్లో ఉండేది. అప్పు గింజలు తిరిగి కొలిపించుకునే శేరు ఒకటి, కూలి గింజలు కొలిచే శేరు ఒకటి అని మా అవ్వ చెప్పేది. రెండింటి పేరూ శేరే. తేడా తెలిసినా మాదిగ గేరిలో అడిగేవాళ్ళు లేరు. ఎందుకంటే శేరు ఆసామి చేతిలో ఉంది, చాట మన చేతిలో ఉంది.

నేను యూనివర్సిటీకి వచ్చాక ఇంకో శేరును చూశాను. దాని పేరు క్యాలరీ. మనిషికి రోజుకు ఎంత తిండి కావాలి, ఎంతకు తగ్గితే ఆకలి అనాలి, ఎంత సంపాదిస్తే పేద కాదు అనాలి – వీటన్నిటికీ అదే కొలమానం. ఇది సైన్సు గదా, ఇందులో కులమెక్కడుంది, అధికారమెక్కడుంది అని చదువుకున్న మిత్రులే అడుగుతారు. క్యాలరీ అబద్ధమని నేను అనడం లేదు. శేరు కూడా అబద్ధం కాదు. ఎవరు పట్టుకుని ఎవరికి కొలిచారన్నదే ప్రశ్న. ఈ వ్యాసం ఆ చరిత్రను మన వైపు నుంచి చూసే ప్రయత్నం.

పడుకున్న ఒళ్ళు

ముందు లెక్క ఎట్లా కడతారో చూద్దాం. మనిషి ఏ పనీ చేయకుండా పడుకున్నా గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది, ఒంట్లో వేడి నిలబడుతుంది. దానికయ్యే ఖర్చు విశ్రాంతి జీవక్రియ. దీన్నే మరింత కట్టుదిట్టంగా కొలిస్తే ఆధార జీవక్రియ అంటారు. అంటే రాత్రి తిన్నాక పన్నెండు గంటలు ఏమీ తినకుండా, తెల్లవారుజామున, మరీ చలీ మరీ వేడీ లేని గదిలో, మెలకువతో కదలకుండా పడుకోబెట్టి, పీల్చే ఆక్సిజన్‌ను బట్టి లెక్కగడతారు. తర్వాత మనిషి చేసే పనిని బట్టి దాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తారు. వచ్చిందే రోజు అవసరం. అంటే లెక్కలో భాగాలు రెండు: ఒళ్ళు, పని.

ఈ శాస్త్రానికి మొదటి అడుగులు వేసినవాడు ఫ్రాన్సు దేశపు లెవోయిజర్. ఊపిరి కూడా ఒక రకం మంటేనని 1780లలో చూపించాడు. సెగ్విన్ అనే సహచరుడి మీద ప్రయోగాలు చేసి, బరువు ఎత్తే మనిషి ఎక్కువ ఆక్సిజన్ వాడతాడని తేల్చాడు. ఆ సందర్భంలోనే ఆయనకు ఒక అనుమానం వచ్చింది. ఒళ్ళు వంచి పనిచేసే పేదవాడి ఒంట్లో ఎక్కువ ఖర్చవుతుంది, వాడికే తిండి తక్కువ. కూర్చున్న ధనికుడికి అక్కరకు మించి ఉంది, ఇదేం విడ్డూరం అని. అది 1789, విప్లవం వచ్చిన సంవత్సరం. లెవోయిజర్ పన్నులు గుత్తకు తీసుకుని వసూలు చేసే వర్గం వాడు. 1794లో గిలటిన్ కింద తల పోగొట్టుకున్నాడు. శాస్త్రం పుట్టినప్పుడే సరైన ప్రశ్న పుట్టింది. ఆ తర్వాత ప్రశ్న పక్కకు పోయింది, కొలత మిగిలింది.

కొలత అమెరికాలో గట్టిపడింది. 1890లలో ఆట్‌వాటర్ మనిషిని గదిలో ఉంచి వేడి కొలిచే యంత్రం తయారుచేయించాడు. 1919లో హారిస్, బెనెడిక్ట్ 136 మంది మగవాళ్ళను, 103 మంది ఆడవాళ్ళను కొలిచి, బరువు, ఎత్తు, వయసు తెలిస్తే ఆధార జీవక్రియ చెప్పే సూత్రం రాశారు. ఆ సూత్రాన్ని ఆసుపత్రుల్లో నేటికీ వాడతారు. 1985లో ప్రపంచ ఆహార, ఆరోగ్య సంస్థలు వేరే సూత్రాలు తెచ్చాయి. వాటి వెనుక ఉన్న ఏడు వేల పైచిలుకు కొలతల్లో దాదాపు సగం ఇటలీ వాళ్ళవే. ప్రపంచ మానవుడి సూత్రంలో కూలి మనిషి వాటా ఎంతో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

పౌండు గింజలు

సూత్రాలు రాకముందే మన వాళ్ళ మీద ప్రయోగం జరిగింది. 1876–78 నాటి కరువును రాయలసీమలో ధాత కరువు అంటారు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. కరువు పనులు పెట్టారు. రాళ్ళు కొట్టడం, రోడ్లు వేయడం, కాలువలు తవ్వడం. పనికి ఎంత కూలి ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది.

వైస్రాయ్ లిట్టన్ 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు పంపాడు. ఈ టెంపుల్ 1874లో బెంగాల్, బీహార్ కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించినవాడే. అయితే ప్రభుత్వ డబ్బు దుబారా చేశాడని చీవాట్లు తిన్నాడు. ఈసారి ఆ మచ్చ పోగొట్టుకోవాలి. రోజంతా పనిచేసే మగవాడికి ఒక పౌండు ధాన్యం, దాని మీద కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కోర్నిష్ ఎదురు తిరిగాడు. ఆయన 1863లోనే మద్రాసు రాజధానిలో జనం తినే తిండి మీద నివేదిక రాసినవాడు. పనిచేసే మనిషికి కనీసం ఒకటిన్నర పౌండు గింజలు కావాలి, పప్పూ కూరా ఉండాలి, లేకపోతే మనుషులు ఎండిపోయి చస్తారని వాదించాడు.

అప్పటికి తిండి లెక్కల్లో క్యాలరీ ఇంకా రాలేదు. వాళ్ళు పౌండ్లలో, నైట్రోజన్‌లో వాదించుకున్నారు. ఇవాళ్టి లెక్క మనం కట్టి చూద్దాం. పౌండు అంటే 454 గ్రాములు. 100 గ్రాముల బియ్యానికి 345 క్యాలరీల చొప్పున సుమారు 1570. యాభై కిలోల పాతికేళ్ళ మగవాడికి, మన దేశానికని తర్వాత తయారైన సూత్రం ప్రకారం, ఊరికే పడుకుంటేనే 1370 కావాలి. ఇక మిగిలేది 200. ఆ 200 క్యాలరీలతో పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా రాళ్ళు కొట్టాలి. మైక్ డేవిస్ 2001లో వచ్చిన తన పుస్తకంలో టెంపుల్ కూలిని 1627 క్యాలరీలుగా లెక్కగట్టి, అది 1944లో నాజీల బూకెన్‌వాల్డ్ శిబిరంలో ఇచ్చిన తిండి కన్నా తక్కువని చూపించాడు.

అంటే టెంపుల్ కొలిచింది లేబర్ అవసరం కాదు, పడుకున్న ఒంటి అవసరం. పని మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. 1877 మే నాటికి మద్రాసు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. అప్పటికే చాలామంది పోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది భూమి లేని కూలీలు, కింది కులాలవాళ్ళు, మగ్గం ఆగిపోయిన నేతవాళ్ళు. మన చరిత్ర పుస్తకాలు లిట్టన్ పేరు రాస్తాయి, టెంపుల్ పేరు రాస్తాయి, దయగల దాతల పేర్లు రాస్తాయి. రాళ్ళు కొట్టినవాళ్ళది ఏ గేరో రాయవు.

మా అవ్వకు ధాత కరువు తెలియదు. 1952 కరువు తెలుసు. చిన్నపిల్లగా గంజి కేంద్రం ముందు ముంత పట్టుకుని నిలబడింది. “గంజి నీళ్ళగా ఉండేదిరా, కానీ గరిటె పట్టుకున్నోడితో మాట్లాడేదానికి భయం” అనేది. శేరు పోయి గరిటె వచ్చింది, అంతే.

‘జాతి’ అనే జవాబు

ఇరవయ్యో శతాబ్దంలో మన ఒళ్ళు కూడా లేబరేటరీకి ఎక్కింది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ఒక గదిలో పోషకాహార పరిశోధన మొదలుపెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయ్యింది. తార్నాకలో ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకునే ఉంది. హాస్టల్లో నీళ్ళ పప్పు తిని ఆ గోడ పక్క నుంచి నడిచిపోయిన దళిత విద్యార్థులు ఎంతమందో!

1931లో ఎలియనార్ మేసన్ అనే మద్రాసు అధ్యాపకురాలు, బెనెడిక్ట్‌తో కలిసి దక్షిణ భారత స్త్రీల ఆధార జీవక్రియను కొలిచింది. అది అమెరికా ప్రమాణం కన్నా సుమారు 17 శాతం తక్కువగా తేలింది. ఎందుకు తక్కువ? జాతి అన్నారు, వాతావరణం అన్నారు. తిండి అన్నవాళ్ళూ ఉన్నారు. అయితే ‘జాతి’ అనే జవాబులో ఒక సౌకర్యం ఉంది. ఒళ్ళే తక్కువ అడుగుతోందంటే ఇచ్చేవాడి తప్పు ఏముంది?

అసలు జవాబు ఇంకోచోట దొరికింది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన తెల్ల యువకులను, వాళ్ళ ఒప్పుకోలుతోనే, ఆరు నెలలపాటు అర్ధాకలితో ఉంచాడు. బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది, ఆధార జీవక్రియ సుమారు 40 శాతం పడిపోయింది. ఒళ్ళు చల్లబడింది, కదలాలన్న కోరిక చచ్చింది, మాటల్లో తిండి తప్ప వేరే ముచ్చట లేకుండా పోయింది. తెల్లవాడి ఒళ్ళయినా ఆకలితో మాడిస్తే తక్కువే అడుగుతుంది. 1998లో భారత, ఆస్ట్రేలియా పరిశోధకులు రెండు దేశాల మనుషులను పోల్చి చూశారు. ఒంట్లో కొవ్వు పోను మిగిలిన కండ బరువును లెక్కలోకి తీసుకుంటే జాతి తేడా కనబడలేదు.

అయినా ఆ వాదం చావలేదు, వేషం మార్చుకుంది. పి.వి. సుఖాత్మే పెద్ద గణాంక శాస్త్రవేత్త, ప్రపంచ ఆహార సంస్థలో పనిచేసినవాడు. ఒకే మనిషి అవసరం కూడా రోజుకోతీరుగా మారుతుంది, తక్కువ తిన్నా ఒళ్ళు సర్దుకుంటుంది, కాబట్టి సగటు కన్నా తక్కువ తిన్నవాళ్ళందర్నీ ఆకలిగొన్నవాళ్ళుగా లెక్కించకూడదన్నాడు. అందులో గణాంకాలకు సంబంధించి కొంత న్యాయం ఉంది, కాదనలేం. కానీ ఆ దారినే నడిచి డేవిడ్ సెక్లర్ అనే ఆర్థికవేత్త 1980ల మొదట్లో, పొట్టిగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారు అనేదాకా వెళ్ళాడు. జాతీయ పోషకాహార సంస్థను నడిపిన సి. గోపాలన్ గట్టిగా అడ్డుకున్నాడు. ఈ సర్దుబాటుకు పిల్లల ఎదుగుదల, పనిచేసే శక్తి మూల్యంగా పోతాయని, ఈ సూత్రం పేదలకే ఎందుకు, ధనికులకు ఎందుకు కాదని నిలదీశాడు.

మనం దానికి ఇంకో మాట కలపాలి. ‘సర్దుకోవడం’ అనేది ఈ దేశంలో ఎవరికి ధర్మంగా నేర్పారు? ఊరి బయట సర్దుకున్నాం, మిగిలిన కూటితో సర్దుకున్నాం, చచ్చిన గొడ్డు మాంసంతో సర్దుకున్నాం. ఆ సర్దుబాటును కర్మ అన్నారు. ఇప్పుడు జీవక్రియ అంటున్నారు.

పూజారి, భూస్వామి, చెప్పులు కుట్టేవాడు

లెక్కలో మొదటి భాగం మీద ఇంత చర్చ జరిగింది. రెండో భాగం, అంటే పని గుణకం మీద ఎందుకు జరగలేదు? కులం అసలు దాక్కున్నది అక్కడ.

భారత వైద్య పరిశోధన మండలి 1989లో మన దేశానికి సొంత సూత్రాలు ఇచ్చింది. 1985 నాటి ప్రపంచ సూత్రాలను సుమారు 5 శాతం తగ్గించి తయారుచేసినవి అవి. పనిని మూడు రకాలు చేసింది: తేలిక పని, మధ్యరకం పని, బరువు పని. గుణకాలు 1.6, 1.9, 2.5. అరవై కిలోల మగవాడికి 2425, 2875, 3800 క్యాలరీలు. యాభై కిలోల స్త్రీకి 1875, 2225, 2925. 2010లో గుణకాలు 1.53, 1.8, 2.3కి తగ్గాయి. 2020లో తేలిక పనికి మళ్ళీ తగ్గాయి.

ఎవరిది ఏ పని? పోషకాహార పుస్తకాల్లో వృత్తుల పట్టిక ఒకటి వస్తుంది. కూర్చుని చేసే తేలిక పని వరసలో టీచరు, పూజారి, భూస్వామి ఉన్నారు. అదే వరసలో మంగలి, చెప్పులు కుట్టేవాడు కూడా ఉన్నారు! వ్యవసాయ కూలీది మధ్యరకం పని. ఆడవాళ్ళలో బరువు పనికి ఉదాహరణ రాళ్ళు కొట్టే మనిషి. గృహిణి తేలిక పని వరసలో కూర్చుంది.

చెప్పు కుట్టేటప్పుడు మనిషి కూర్చునే ఉంటాడు, నిజమే. కానీ చచ్చిన ఎద్దును కావడి కట్టి మోసుకొచ్చిందెవరు? తోలు ఒలిచి, సున్నపు గుంతలో నానబెట్టి, తీసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్కతో ఊనినదెవరు? పట్టిక రాసినవాళ్ళకు చెప్పు కనబడింది, తోలు కనబడలేదు. వాళ్ళకు దురుద్దేశం ఉందని నేను అనడం లేదు. వాళ్ళు వృత్తి పేరు చూశారు, రోజును చూడలేదు.

ఈ లెక్కకు రోజును మూడు ముక్కలు చేస్తారు. ఎనిమిది గంటల నిద్ర, ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటలు మిగతావి. ఎనిమిది గంటల పని అనే మాట వినగానే మనకు అంబేడ్కర్ గుర్తొస్తాడు. ఆయన వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్న కాలంలోనే, 1946లో, ఫ్యాక్టరీల చట్టం సవరించి వారానికి 48 గంటలు చేశారు. అది ఫ్యాక్టరీ గేటు దాకే వచ్చింది. చేను గట్టు ఎక్కలేదు, పొయ్యి దగ్గరికి అసలే రాలేదు.

మా అమ్మను ఉదాహరణగా తీసుకుంటాను. వయసు 52, బరువు 42 కిలోలు. మండలి సూత్రం ప్రకారం ఆమె ఆధార జీవక్రియ: 42ను 8.3తో హెచ్చించి 788 కలపాలి. వస్తుంది 1137. మధ్యరకం పని అంటే 2160. బరువు పని అంటే 2842. తేడా 682 క్యాలరీలు, అంటే రోజుకు సుమారు 200 గ్రాముల బియ్యం. ఆమె ఏ వరసలో ఉందో ఎవరు తేలుస్తారు? నాలుగు గంటలకు లేచి నీళ్ళు మోసి, సంకటి చేసి, చేనికి పోయి, సాయంత్రం కట్టెల మోపుతో వస్తుంది. ఎండాకాలం పార పట్టి మట్టి తట్టలు మోసింది. 2006లో మొదలైన ఉపాధి హామీ పనిని మావాళ్ళు కరువు పని అనే పిలిచారు. కూలి కూడా తవ్విన గుంత కొలత ప్రకారమే. నూట ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఆ పాత పేరే నోటికొచ్చిందంటే జనం ఊరికే అన్నారా?

ఈ లెక్క అమ్మకు చదివి వినిపించాను. అంతా విని, “ఆ ఎనిమిది గంటల నిద్ర ఎవురిదిరా?” అంది.

క్యాలరీ నుంచి రూపాయికి

ఇదంతా పుస్తకాల గొడవ కాదు. ఈ అంకెల మీదే కూలీ రేట్లూ పేదరికం లెక్కలూ నిలబడ్డాయి. 1957లో పదిహేనో భారత కార్మిక మహాసభ కనీస వేతనానికి కొలమానం పెట్టింది. కూనూరు లేబరేటరీ డైరెక్టరుగా చేసిన ఎయిక్రాయిడ్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 2700 క్యాలరీలు. కుటుంబానికి మూడు యూనిట్లు: మగవాడు 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరి 0.6. ఆడవాళ్ళ, పిల్లల సంపాదనను లెక్కలోకి తీసుకోకూడదన్నది మంచి నియమమే. కానీ 2700లో 0.8 అంటే ఎంత? 2160. సరిగ్గా మా అమ్మను మధ్యరకంలో వేస్తే వచ్చిన అంకె. బరువు పని చేసిన రోజు 682 తక్కువ. ఆ తక్కువను ఆమె ఎక్కడి నుంచి తెచ్చింది? తన ఒంటి నుంచే.

తర్వాత పేదరిక రేఖ వచ్చింది. 1971లో దండేకర్, రథ్ 2250 క్యాలరీలతో లెక్కగట్టారు. 1979లో ప్రణాళికా సంఘం నిపుణుల బృందం పల్లెకు 2400, పట్నానికి 2100 అంది. ఆ క్యాలరీలు దొరికే ఖర్చును 1973–74 ధరల్లో పల్లెలో నెలకు మనిషికి రూ. 49.09గా, పట్నంలో రూ. 56.64గా తీసుకున్నారు. ఆ తర్వాత ధరలు పెరిగినకొద్దీ రూపాయిలు పెంచుతూ పోయారు గాని, ఆ రూపాయిలకు 2400 క్యాలరీలు నిజంగా వస్తున్నాయా అని వెనక్కి తిరిగి చూసుకోలేదు. 2009లో తెందూల్కర్ కమిటీ క్యాలరీ ఆధారాన్నే వదిలేసింది. 2014లో రంగరాజన్ కమిటీ మళ్ళీ తెచ్చింది, పల్లెకు 2155గా. కూలి మనిషి పార బరువు తగ్గలేదు. అంకె మాత్రం తగ్గింది. పనులు తేలికయ్యాయి, యంత్రాలొచ్చాయి అన్నారు. కొందరికి వచ్చాయి. మరుగుదొడ్ల గుంతల్లోకి దిగేవాళ్ళకు, ఇటుక బట్టీల్లో మోసేవాళ్ళకు ఏ మేరకు వచ్చాయో వాళ్ళనే అడగాలి.

మనం చేయాల్సింది

క్యాలరీని తిట్టి ఊరుకుంటే మనకు ఒరిగేదేమీ లేదు. టెంపుల్‌ను కోర్నిష్ ఎదిరించింది కొలతతోనే, సుఖాత్మేను గోపాలన్ ఎదిరించింది కొలతతోనే. తప్పు శేరుది కాదు. కొలిచే చోట మనం లేకపోవడమే అసలు లోటు.

కాబట్టి చదువుకున్న మన పిల్లలు ఒక పని చేయవచ్చు. దళిత వాడల్లో ఒక రోజును పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా గంట గంటకూ రాయాలి. ఎవరు ఎంత దూరం నడిచారు, ఎంత బరువు మోశారు, ఎవరు చివర తిన్నారు, కుండలో ఎంత మిగిలింది. నాట్ల కాలంలో ఒకసారి, పని లేని కాలంలో ఒకసారి. పెద్దవాళ్ళు బతికుండగానే 1952 గంజి కేంద్రాల జ్ఞాపకాలను, గింజల కూలి కొలతలను రాసిపెట్టాలి. అవి మన ఆర్కైవ్స్. వాటితో పాత పట్టికలను పక్కన పెట్టి చూసినప్పుడు, చెప్పులు కుట్టేవాడిని పూజారి పక్కన కూర్చోబెట్టిన ఆ వరసను మనమే తిరిగి రాయగలం.

గుడిలో పక్కన కూర్చోనివ్వనివాళ్ళు పట్టికలో మాత్రం కూర్చోబెట్టారు, అదీ కూడు తగ్గించే చోట. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని మొదలుపెడితే చాలు.